డాక్టరమ్మ కారుకు బెల్లం పాకం

ఆ రోజుల్లో బండికి జబ్బు చేస్తే ఇప్పటిలా తీగలు తగిలించి, తెరమీద అంకెలు చూసి చెప్పేవాళ్లు కాదు. చెవి పెట్టి చెప్పేవాళ్లు. ఇంజను నడుస్తుండగానే పొడుగాటి ఇనుప కడ్డీ ఒక కొసను దానికి ఆనించి, రెండో కొసను చెవి ముందున్న ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని వినేవాళ్లు. లోపల ఎక్కడ అరిగింది, ఎక్కడ వదులైంది, ఎక్కడ నూనె ఎండిపోయింది, అన్నీ ఆ కడ్డీలోంచి పాకి వచ్చి చెవిలో చెప్పేవి. అట్లా వినడంలో మా బోధన్ మొత్తంలో మా బాపును మించినవాడు లేడు. (చెప్పేది ఆయన బిడ్డ కాబట్టి మీరు కొంచెం తగ్గించుకుని చదువుకోండి.)

ముందే ఒక మాట. నేను మంచం మీద కాళ్లు చాపుకుని చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో టకటకా కొట్టుకుంటోంది. నేను "పోయిన" అంటే అది "వెళ్లాను" అని రాస్తోంది. పుస్తకాల్లో అట్లాగే ఉంటుందట. సరే రాసుకో అన్నాను. కానీ మా బాపు మాటలూ, మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనేవాళ్లం) మాటలూ ఉన్నవి ఉన్నట్టే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను. వాళ్ల నోట్లో ఇప్పుడు కొత్త మాటలు పెడితే పైనుంచి ఊరుకోరు, ముఖ్యంగా మా అవ్వ.

బాపు షెడ్డు రెంజల్ పోయే రోడ్డు మీద ఉండేది. నాలుగు కర్రలు, మీద రేకులు, నేలంతా నూనె తాగి నల్లబడిన మట్టి. ఎదురుగా చాయ్ హోటలు. చెరుకు కొట్టే రోజులు వచ్చాయంటే చక్కెర ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు మా షెడ్డు ముందునుంచే వరసకట్టి నిలబడేవి. ఆ డ్రైవర్లందరూ హోటల్లో చాయ్ తాగుతూ మా షెడ్డు వైపే చూస్తూ కూర్చునేవాళ్లు. వాళ్లకు మేమే సినిమా. బాపు అంతకుముందు ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగి బెల్లం గానుగల ఇంజన్లు బాగుచేశాడు. డగడగమనే డీజిల్ ఇంజను పక్కనే తిండి, దాని పక్కనే నిద్ర. తరవాత ఈ షెడ్డు పెట్టాడు. జనం ఆయన్ను "చెవుల మిస్త్రీ" అనేవాళ్లు. బోర్డు మీద వేరే పేరు ఉండేది కానీ దాన్ని ఎవరూ చదవలేదు.

నేను షెడ్డుకు ఎట్లా చేరానంటే, పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి చేరాను. మొదట బాపుకు అన్నం గిన్నె పట్టుకుపోయేదాన్ని. తరవాత అన్నం తినేదాకా ఉండి పానాలు, నట్లు అందించేదాన్ని. ఆ తరవాత అన్నం గిన్నె అవ్వే తేవాల్సి వచ్చింది, ఎందుకంటే నేను పొద్దున్నుంచీ అక్కడే ఉండేదాన్ని. "ఆడిపోరి గోళ్లల్ల గ్రీజు ఏందే! రేపు నిన్ను సూడొచ్చినోళ్లు చేతులు సూడమంటే ఏం జెప్పాలె?" అని అవ్వ తల బాదుకునేది. "మెహందీ అని జెప్పు," అనేవాడు బాపు.

ఆ ఏడే నేను ఒక సంగతి కనిపెట్టాను. బాపుకు మోటు చప్పుళ్లన్నీ వినిపించేవి. మగవాళ్ల బొంగురు గొంతులు, ట్రాక్టర్ మోత, ఆకాశంలో ఉరుము, అన్నీ బాగానే అందేవి. సన్నటి చప్పుళ్లే అందకుండా పోతున్నాయి. ఒకరోజు అవ్వ "కుక్కర్ మూడుమాట్ల కూస్తె దించు" అని చెప్పి నల్లా దగ్గరికి పోయింది. నేనూ ఆమె వెంట పోయాను. మేం తిరిగి వచ్చేసరికి ఇల్లంతా మాడు కంపు. బాపు మాత్రం పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని కుక్కర్ వైపే కళ్లార్పకుండా చూస్తున్నాడు. "ఇంక ఒక్కటి గూడ కూయలే," అన్నాడు పూర్తి నమ్మకంతో. ఆయన అంటుండగానే అది ఇంకోసారి కూసింది.

అవ్వ గరిటె అందుకుంది. "ముప్పై ఏండ్ల సంది నా మాట ఇనకపాయె. గిప్పుడు కుక్కర్ మాట గూడ ఇనుడు బందు పెట్టిండు!"

అవ్వ అది మొండితనం అనుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయాను. చెవుల మిస్త్రీకి చెవులు పోతే ఏం మిగులుతుంది? ఎవరికీ చెప్పలేదు. ఆయన పక్కనే నిలబడి, బండి సన్నగా కూస్తే "బాపు, ముంగట చక్రంల కూస్తున్నది గదా" అని నాకేదో అనుమానం వచ్చినట్టు అనేదాన్ని. ఆయన "ఆఁ, నేను గూడ గదే అనుకుంటున్న" అనేవాడు. ఇద్దరం అట్లా ఒకరినొకరు మోసం చేసుకుంటూ చాలా మర్యాదగా కాలం వెళ్లదీస్తున్నాం.

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ కారు.

బోధన్‌లో అప్పటికి ఏసీ ఉన్న కారు అదొక్కటేనని మా అందరి నమ్మకం. తెల్లటి చిన్న కారు. డాక్టరమ్మ స్వయంగా నడుపుకుంటూ పల్లెలకు పోయి కాన్పులు చేసి వచ్చేది. ఆ రోజు ఆమె కారు మలుపు తిరగకముందే దాని చప్పుడు మలుపు తిరిగి మా దగ్గరికి వచ్చింది. కీఈఈ అని ఒకటే కూత, పీక మీద కాలేస్తే నెమలి అరిచినట్టు. చాయ్ హోటలాయన రెండు చెవులకూ రెండు గ్లాసులు అడ్డం పెట్టుకున్నాడు. ట్రాక్టర్ డ్రైవర్లు లేచి నిలబడ్డారు.

"మిస్త్రీ, గీ మోత ఏందో జెర చూడు," అంది డాక్టరమ్మ దిగుతూ. "పొద్దున బండి తీస్తే మా గల్లీ కుక్కలన్నీ ఎదురొస్తున్నయి. ఏసీ ఏస్తే ఇంక ఎక్కువైతున్నది."

బాపు బండి వైపు చూశాడు. అది ఇంకా అరుస్తూనే ఉంది. "ఏం మోతనమ్మా?" అన్నాడు.

నేను గబుక్కున బాపు పక్కకు చేరాను. డాక్టరమ్మ మాత్రం పరాచికం అనుకుని నవ్వింది. ట్రాక్టర్ల వాళ్లూ నవ్వారు. బాపుకు ఆ నవ్వుతో అర్థమైంది, ఇక్కడ ఏదో ఉంది, తనకు అందడం లేదని. కడ్డీ తీశాడు. బానెట్ ఎత్తి ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండోది చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బాపు కళ్లు తెరిచి ముందుగా నన్ను చూశాడు. ఒక్క క్షణమే. తన ఇంటికి తాను వచ్చి తలుపుకు వేరే తాళం చూసినవాడు అట్లా చూస్తాడు.

"బెల్టు జారుతున్నది," అన్నాడు పైకి. "సాయంత్రం వరకు చేసి పెడ్త."

"సాయంత్రం గాదు, నాలుగింటికి కావాలె. రెంజల్ల ఒకామెను చూడాలె," అని డాక్టరమ్మ దవాఖానకు నడుచుకుంటూ వెళ్లిపోయింది. అంతలోనే ట్రాక్టర్ల వరసలో ఒకదాని ఇరుసు విరిగిందని మనిషి పరిగెత్తుకొచ్చాడు. వరస ఆగిపోతే ఫ్యాక్టరీ గేటు దాకా గొడవే. బాపు పానాల సంచి తీసుకుని, "నేనొచ్చేదాక బండి ముట్టకు" అని చెప్పి పోయాడు.

ముట్టకు అన్నవాటినే ముట్టే వయసు నాది. (మనవరాలు నావైపు చూస్తోంది. నువ్వు రాయి, నీ సంగతి తరవాత చూద్దాం.) పన్నెండయింది, రెండయింది, మూడయింది, బాపు రాలేదు. నేను ఆలోచించాను. నా ఆలోచన ఇప్పటికీ నాకు తప్పనిపించదు, ఫలితమే కొంచెం అటూఇటూ అయింది. బాపు ఏమన్నాడు? బెల్టు జారుతోంది అన్నాడు. గానుగల దగ్గర ఇంజనుకూ గానుగకూ మధ్య పొడుగాటి పట్టా ఉంటుంది. అది జారితే ఏం చేసేవాళ్లు? పక్కనే కాగుతున్న పెనంలోంచి గరిటెడు బెల్లం పాకం తీసి పట్టాకు పూసేవాళ్లు. జిగురుకు పట్టా అతుక్కుని మళ్లీ గిర్రున తిరిగేది. చిన్నప్పటినుంచీ చూసిన విద్య. మరి ఇంట్లో ఎవరో గానుగాయన ఇచ్చిన పాకం చెంబెడు ఉంది కదా!

ఇంటికి పరిగెత్తి, పొయ్యి మీద వెచ్చచేసి తెచ్చాను. పుల్లకు గుడ్డ చుట్టి కుంచెలా చేశాను. బెల్టుకు ఈ కొసనుంచి ఆ కొసదాకా, మా అవ్వ దోసెకు నూనె రాసినట్టు, ఎక్కడా వదలకుండా పూశాను. కొంచెం మిగిలితే పారెయ్యడం దేనికని బెల్టు తిరిగే చక్రాలకు, అంటే పుల్లీలకు కూడా పట్టించాను. బండి స్టార్ట్ చేశాను. ఒక్కసారి "జుయ్" అంది. ఆ తరవాత ఏమీ లేదు. నెమలి నోరు మూసుకుంది.

"మిస్త్రీ బిడ్డ మిస్త్రీనే!" అని హోటలాయన రోడ్డు అవతలినుంచి అరిచాడు. నేను పూరీలాగా పొంగిపోయాను. నాలుగింటికి డాక్టరమ్మ వచ్చి, చెవులు రిక్కించి విని, నా భుజం తట్టి కారు తీసుకుపోయింది. చీకటి పడ్డాక బాపు వచ్చి "బండేది?" అంటే, "బెల్టు బిగించి ఇచ్చిన బాపు, కూత బందైంది" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఆయన దగ్గర ఏం ఉంది పాపం? కూత ఉందని తెలియదు, పోయిందనీ తెలియదు.

మర్నాడు పొద్దున కారు వచ్చింది. తనంతట తాను రాలేదు. ముందు చెరుకు ట్రాక్టరు, దాని వెనక తాడు, తాడు వెనక కారు, కారు వెనక కందిరీగలు. స్టీరింగు పట్టుకుని డాక్టరమ్మ, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని.

"మిస్త్రీ!" అంది దిగీ దిగకముందే. "నిన్న రెంజల్ల నేను బండి దిగంగనే ఆ ఇంటోళ్లు ఏమడిగిండ్రో ఎర్కేనా? 'డాక్టరమ్మా, అరిసెలు తెచ్చినవా, కమ్మగ వాసనొస్తున్నది' అన్నరు. పొద్దుగాల లేచి చూస్తే బండి నిండ చీమలు. స్టార్ట్ చేస్తే నిన్నటి కూతకు తోడు గరగర ఒకటి, భయమై ట్రాక్టరుకు కట్టించుకొచ్చిన. నేను కాన్పులు చెయ్యాల్నా, చీమలు దులుపుకోవాల్నా?"

ట్రాక్టర్ల వాళ్లు వరస వదిలి వచ్చి చుట్టూ మూగారు. బాపు బానెట్ ఎత్తాడు. లోపల నా పాకం వేడికి ముదిరి, తీగలు సాగి, ఎక్కడివక్కడ వేలాడుతోంది. చీమలు బారులు తీరి సంబరం చేసుకుంటున్నాయి. బాపు వేలితో కొంచెం తీసి, నాలుక మీద పెట్టుకున్నాడు. చప్పరించాడు. తరవాత మెల్లగా నావైపు తిరిగాడు. నేను ఆ క్షణంలో చీమనైపోయి ఆ వరసలో కలిసిపోతే బాగుండనుకున్నాను.

"గిదెవ్వరి పని మిస్త్రీ?" అన్నాడు ఒక డ్రైవరు.

"నేనే పెట్టిన," అన్నాడు బాపు. "గానుగల కాడి అలవాటు. తప్పైంది డాక్టరమ్మా."

నేను నోరు తెరిచాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గుంపులో ఎవరో "చెవుల మిస్త్రీ పనైపోయింది, నిజామాబాద్ తీస్కపోండ్రి" అన్నారు, బొంగురు గొంతుతో. బొంగురు గొంతు కాబట్టి బాపుకు వినిపించింది. డాక్టరమ్మ తాళంచెవి బాపు చేతిలో పెట్టింది. "రేపు సాయంత్రం వరకు చూస్త. కాకుంటే నిజామాబాద్ పంపుత," అని నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె బండి నిజామాబాద్ పోయిందంటే దాని వెనకే ప్లీడరు గారి జీపు పోతుంది, దాని వెనక లారీలు పోతాయి. షెడ్డు సంగతి అట్లా ఉంచండి. నాకు బాపు ముఖం చూడబుద్ధి కాలేదు. తన చెవి పోయిందని ఎవరికీ చెప్పని మనిషి, నా తప్పు కోసం తన పనితనం పోయిందని నలుగురిలో ఒప్పుకున్నాడు.

వేడినీళ్లు కాచి ఇద్దరం కారుకు తలంటు పోశాం. చీమలన్నీ పోయాక బాపు పాత టైరు మీద కూర్చున్నాడు. చాలాసేపు చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బిడ్డా," అన్నాడు. "మోత ఎట్లున్నదో చెప్పు."

నేను తల వంచుకున్నాను.

"నాకు ఇనవడ్తలేదు. నీకెర్కనే గదా," అన్నాడు. "మొన్న ఎండకాలం అనుకున్న, మన దిక్కు కోయిలలు వస్తలేవేందని. చెట్లు కొట్టేసిండ్రు, గందుకే పోయినయేమో అనుకున్న. మీ అవ్వనడిగితే, 'పొద్దున లేస్తె చెవులు తూట్లు పడేటట్టు కూస్తున్నయి' అన్నది. అప్పుడు తెల్సింది, పోయింది కోయిలలు గాదని."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే వినపడదు కదా అని కాసేపు ధైర్యంగా ఏడ్చాను. కానీ కళ్లు బాగానే ఉన్నాయి ఆయనకు. "ఏడుపు తర్వాత ఏడుద్దువు గని. ముందుగాల మోత నోటితోని చేసి చూపెట్టు. మోటుగ చెయ్యి, సన్నగ చేస్తే నాకందది," అన్నాడు.

బండి స్టార్ట్ చేసి, దాని పక్కన నిలబడి, అది ఎట్లా అరిస్తే నేను అట్లా అరవడం మొదలుపెట్టాను. అది కీఈఈ అంటే నేను లావు గొంతుతో "గీఈఈ" అన్నాను. అది గరగరమంటే నేను "ఘర్ర్ ఘర్ర్" అన్నాను. బాపు నా నోటికి చెవి ఒగ్గి, గంభీరంగా తల ఊపుతూ, "కూత అట్లనే నడుస్తున్నదా, ఆగి ఆగి వస్తున్నదా? గరగర దానికి జతగనా, ఎన్కనా?" అని అడుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే అవ్వ అన్నం గిన్నెతో వచ్చింది. బిడ్డ ఎద్దులాగా రంకె వేస్తోంది, మొగుడు పాట విన్నట్టు వింటున్నాడు. గిన్నె కిందపెట్టి, "నిమ్మకాయలు తేవాల్నా, పూజారిని పిలవాల్నా?" అంది.

బాపు చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. తిరుగుతున్న బెల్టు మీద దూరం నుంచి కొంచెం చల్లమన్నాడు. "నీళ్లు పడంగనే కూత ఆగితే తప్పు బెల్టుది. ఆగకపోతే పుల్లీ లోపలి బేరింగుది." చల్లాను. కూత ఒక్క క్షణం తగ్గింది, గరగర మాత్రం చెక్కుచెదరలేదు. "రెండున్నయి," అన్నాను. "గట్లయితే గరగరనే అసలు దొంగ. కూత దాని చెల్లె," అన్నాడు బాపు.

ఇంజను ఆపి, నట్టు వదులు చేసి బెల్టు తీయించాడు. అది అంచుల్లో పీచు లేచి ఉంది, చీపురు కట్టలాగా. అప్పుడు ఏసీకి పోయే బెల్టు దారిలో ఉన్న చిన్న పుల్లీ ఒకటి చూపించాడు. ఆ పుల్లీ ఎట్లాంటిదంటే, అది దేన్నీ నడపదు. దానివల్ల బండి కదలదు, గాలి చల్లబడదు. బెల్టు వదులు కాకుండా పక్కనుంచి ఒత్తిపట్టుకుని, దానితోపాటు పొద్దంతా తిరుగుతూ ఉంటుంది, అంతే. ఇళ్లల్లో మా అవ్వలాంటిది. అరిగిపోయి గట్టిగా అరిచేదాకా అదొకటి ఉందని ఎవరికీ గుర్తుండదు.

"తిప్పు," అన్నాడు. వేలితో తిప్పాను. "ఏమనిపిస్తున్నది? ఇనకు. చెవి మూసుకో, వేలుతోని చూడు."

ఒక చెవికి చేయి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుని తిప్పాను. ఇసుర్రాయిలో రాళ్లు పడితే చేతికి ఎట్లా తెలుస్తుందో అట్లా తెలిసింది. తిరుగుతోంది, తట్టుకుంటోంది, తిరుగుతోంది, తట్టుకుంటోంది. తరవాత దాన్ని పట్టుకుని పక్కకు ఊపమన్నాడు. ఊడబోయే పాలపన్నులా కదిలింది.

"బాపు! ఇదే!"

ఆయన నా వేలు తీసి తన వేలు పెట్టాడు. తిప్పాడు. కళ్లు మూసుకున్నాడు. కడ్డీ చెవికి పెట్టుకున్నప్పుడు పూర్వం ఆయన ముఖంలో ఉండే వెలుతురు మళ్లీ వచ్చింది. "అరే," అన్నాడు నెమ్మదిగా. "నా వేలుకు ఇనవడ్తున్నది."

మర్నాడు మొదటి బస్సుకు నన్ను నిజామాబాద్ పంపాడు, పాత పుల్లీని గుడ్డలో మూటకట్టి. పుల్లీ లోపలి సందుల్లో ఇంకా కొన్ని చీమలు మిగిలి ఉన్నాయని మాకు తెలియదు. బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె కొంచెంసేపటికే కాలు గోక్కోవడం మొదలుపెట్టింది. ఆ తరవాత సగం దారి నేను నిలబడే వెళ్లాను. ఎవరూ నిలబడమనలేదు, నేనే మర్యాదగా లేచాను.

స్పేర్ల దుకాణం చాచా బాపుకు పాత దోస్తు. మూట విప్పి, పుల్లీ పట్టుకుని, వేళ్లు అతుక్కుంటే వాసన చూశాడు. "బేటీ, గిది పుల్లీనా, గులాబ్ జామూనా?" అన్నాడు. అబద్ధం చెప్పలేక అంతా చెప్పాను, చెవి సంగతి తప్ప. ఆయన పొట్టపట్టుకుని నవ్వి, కొత్త పుల్లీ, కొత్త బెల్టు తెచ్చి పెట్టాడు. కొత్తదాన్ని తిప్పితే అది రెండు చుట్లు తిరిగి మెల్లగా ఆగిపోయింది. "ఇది సరిగ్గ తిరుగుతలేదు చాచా," అన్నాను తెలివిగా. "పాగల్! లోపల గ్రీజు నిండుగ ఉన్నది, గందుకే సుస్తుగ తిరుగుతది. పాతది సూడు, గ్రీజు ఎండిపోయి, గరగరమనుకుంటనే గాలికి వదిలిన చక్రం లెక్క తిరుగుతనే ఉంటది. ఎక్కువ తిరిగేది మంచిదనుకోకు. పుల్లీ గాని మనిషి గాని," అన్నాడు.

నేను బయల్దేరుతుంటే, "మీ బాపు ఎందుకు రాలే?" అని అడిగాడు. "జరం వచ్చింది," అన్నాను. చాచా నన్ను కాసేపు చూశాడు. "జరం తగ్గినంక తీస్కరా. నేను గట్టిగనే మాట్లాడుత అని చెప్పు. రెండేండ్ల సంది గట్టిగనే మాట్లాడుతున్న గదా," అన్నాడు. బస్సెక్కాక గానీ ఆ మాట నాకు అర్థం కాలేదు.

మధ్యాహ్నానికల్లా పుల్లీ బిగించాను. బిగించింది నేనే, బాపు ఒట్టి చేతులతో పక్కన నిలబడ్డాడు. కొత్త బెల్టు ఎక్కించి, ఇంకోసారి జారిందన్న మాట రాకూడదని నా బలమంతా పెట్టి లాగి నట్టు బిగించాను. సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. ఆమె వెనక హోటలాయన, ఆయన వెనక ట్రాక్టర్ల వాళ్లు. సినిమా ఆఖరి రీలు ఎవరు వదులుకుంటారు?

బండి స్టార్ట్ చేశాను. కూత లేదు, గరగర లేదు. కానీ సన్నగా, దోమ పాడినట్టు, "ఊఁ..." అని ఏదో. నాకు చెమటలు పట్టాయి. మేం ముందే అనుకున్నాం, అంతా బాగుంటే నేను గుడ్డ భుజాన వేసుకోవాలి, బాగులేకపోతే చేతిలోనే పట్టుకోవాలి. నేను గుడ్డను సగం భుజం దాకా తీసుకుపోయి, దించి, మళ్లీ ఎత్తి, ఏం చేయాలో తెలియక ముఖం తుడుచుకున్నాను. ముఖం తుడుచుకుంటే ఏమిటో మేం అనుకోలేదు.

"మిస్త్రీ, కడ్డీ పెట్టి చూడు," అంది డాక్టరమ్మ.

బాపు కడ్డీ అందుకున్నాడు. ఆయన దాన్ని చెవిదాకా తీసుకుపోయి, ఆగాడు. నన్ను చూశాడు. నేను ఇంకా ముఖం తుడుచుకుంటూనే ఉన్నాను. అప్పుడాయన కడ్డీ దించి, "ఇంజను బంద్ చెయ్యి" అన్నాడు. వంగి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. అది లొంగలేదు, తీగలా బిర్రుగా ఉంది. "బిడ్డా, గింత బిగిస్తే కొత్త బేరింగు గూడ నెలకు సచ్చిపోతది. నొక్కితే బొటనవేలు మందమంత లోపలికి పోవాలె." పానా తీసుకుని నట్టు కొంచెం వదులు చేసి, మళ్లీ నొక్కి, సరే అన్నాడు. నేను స్టార్ట్ చేశాను. దోమ లేదు. ఏమీ లేదు. నేను గుడ్డ భుజాన వేసుకున్నాను.

అప్పుడు బాపు అందరివైపూ తిరిగాడు. "ఇనుండ్రి," అన్నాడు. "నాకు సన్నటి సప్పుడు ఇనవడ్తలేదు. చాన దినాలైంది. చెప్పనీకి సిగ్గయింది. గిప్పటి సంది ఈ షెడ్డుకు చెవి నా బిడ్డ, వేలు నేను. ఇష్టమున్నోళ్లు రాండ్రి, లేనోళ్లు నిజామాబాద్ పోండ్రి." అని కడ్డీ నా చేతిలో పెట్టాడు.

హోటలాయన చేతిలో గ్లాసు కిందపెట్టాడు. "గది మాకెప్పుడో ఎర్క మిస్త్రీ. నేను నీకు చాయ్ చాయ్ అని ఎందుకు మొత్తుకుంట అనుకున్నవ్? నాకేమన్న గొంతు ఎక్కువున్నదా?"

"నేను డాక్టర్ను," అంది డాక్టరమ్మ. "నాకు మీకంటే ముందే ఎర్క. ఎప్పుడు చెప్తడా అని చూస్తున్న." అని కారెక్కబోతూ నావైపు తిరిగి, "ఇంకోసారి నా బండికి తీపి పెట్టకమ్మా, నాకే షుగరున్నది," అంది. పాకం పూసింది ఎవరో ఆమెకూ తెలుసన్నమాట! ఊరందరికీ అన్నీ తెలుసు. దాచుకుంటున్నామని మేమిద్దరమే అనుకున్నాం.

డాక్టరమ్మ బండి నిజామాబాద్ పోలేదు. నా పెళ్లయ్యేదాకా ఆ కడ్డీ నా చేతిలోనే ఉంది. నన్ను చూడవచ్చినవాళ్లు చేతులు చూస్తే, అవ్వ నిజంగానే "మెహందీ" అని చెప్పింది. బాపు పోయాక కడ్డీ నా దగ్గరికే వచ్చింది. ఇప్పుడు నిజామాబాద్‌లో, మా బిడ్డ ఇంట్లో, గాలికి కిటికీ రెక్క కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టుకుంటున్నాను.

ఇంతకీ ఇదంతా ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పొద్దున మా అల్లుడు కారు తీస్తుంటే ఈ పిల్ల చెవులు మూసుకుని, "అమ్మమ్మా, డాడీ కారు ఎట్ల కూస్తుందో చూడు, తల పగిలిపోతుంది" అంది. నేను కిటికీలోంచి చూశాను. కారు బుద్ధిగా నిలబడి ఉంది. "ఏం కూస్తలేదే, మంచిగనే ఉన్నది. నీ చెవులకే ఏమన్న అయిందేమో," అన్నాను. అసలు ఈ కాలనీలో ఏ చప్పుడు ఉందని? ఈ ఏడు ఎండాకాలం ఒక్క కోయిల కూడా రాలేదు. చెట్లన్నీ కొట్టేశారు కదా, ఎక్కడికి...

మనవరాలు రాయడం ఆపింది. నావైపే చూస్తోంది.

అట్లా చూడకే. రాయి. రాసి, ఆ కిటికీలోంచి కడ్డీ తీసుకో. కడ్డీ నీకు, వేలు నాకు. మీ నాన్నను బండి స్టార్ట్ చెయ్యమని చెప్పు. అదెట్లా అరుస్తుందో ముందు నాకు నోటితో చేసి చూపించు. సన్నగా కాదు తల్లీ, మోటుగా చెయ్యి.